స్వతంత్ర గ్రాఫిక్ డిజైన్ వృత్తి

స్వతంత్ర గ్రాఫిక్ డిజైన్ వృత్తి అనగా ఏ ఒక్క సంస్థలోనూ జీతానికి కుదురుకోకుండా, వేర్వేరు వ్యక్తులకు, సంస్థలకు, ప్రచురణకర్తలకు దృశ్యరూపకల్పన చేసి, చేసిన పనికి రుసుము తీసుకొనే జీవనోపాధి. చిహ్నాలు (లోగోలు), పుస్తకాల ముఖచిత్రాలు, శుభలేఖలు, కరపత్రాలు, సరుకుల పెట్టెలపై బొమ్మలు, ఫ్లెక్సీ బ్యానర్లు, వెబ్‌సైట్ల రూపురేఖలు, సామాజిక మాధ్యమాలలో వచ్చే ప్రకటనలు ఈ వృత్తి పరిధిలోకి వస్తాయి. ఈ పని చేసేవారిని వాడుకలో ఫ్రీలాన్స్ డిజైనర్ అంటారు. తక్కువ పెట్టుబడితో ఇంటి నుండే మొదలుపెట్టగల వృత్తి కావడం వల్ల విద్యార్థులను, చిత్రకళలో ఆసక్తి ఉన్నవారిని ఇది ఆకర్షిస్తున్నది. అయితే ఇందులో నిలదొక్కుకోవడం కేవలం బొమ్మ గీసే నేర్పు మీద ఆధారపడి ఉండదు. రూపకల్పనకు విడిగా ధర కట్టడం, ఒప్పందాన్ని కాగితం మీద పెట్టడం, బాకీని సకాలంలో రాబట్టడం అన్న మూడు విషయాలు తెలియకపోవడం వల్ల ప్రతిభ గలవారు సైతం వృత్తిని వదులుకోవలసి వస్తుంది.

పేరు

ఫ్రీలాన్స్ అన్న మాట ఇంగ్లీషు నుండి వచ్చింది. లాన్స్ అనగా గుర్రపు రౌతు చేపట్టే బల్లెం. ఏ ప్రభువుకూ కట్టుబడక, కిరాయికి యుద్ధం చేసే సైనికుడు అన్న అర్థంలో సర్ వాల్టర్ స్కాట్ 1819లో వెలువడిన తన 'ఐవాన్‌హో' నవలలో ఈ మాటను వాడాడు. తరువాతి కాలంలో అది పత్రికా రచయితలకు, చిత్రకారులకు, ఛాయాగ్రాహకులకు వర్తించింది. తెలుగులో దీనికి 'స్వతంత్ర వృత్తి' అన్న మాట దగ్గరగా ఉంటుంది. గ్రాఫిక్ డిజైన్ అన్న మాటకు ప్రాచుర్యం తెచ్చినవారిలో అమెరికా పుస్తక రూపశిల్పి విలియం ఆడిసన్ డ్విగిన్స్ ముఖ్యుడు. ఆయన 1922లో ఒక వ్యాసంలో ఈ మాటను ఉపయోగించాడు.

చరిత్ర

కంప్యూటర్‌కు ముందు

సీసపు అక్షరాలతో అచ్చు వేసే రోజులలో ముఖచిత్రం గీసే చిత్రకారుడు, అక్షరాలు కూర్చే కంపోజిటరు, బ్లాకు తయారుచేసేవాడు, ముద్రాపకుడు వేర్వేరు మనుషులు. ఎవరి పనికి వారికి విడిగా డబ్బు ముట్టేది. తెలుగులో పుస్తకాలకు, పత్రికలకు బొమ్మలు గీసిన చిత్రకారులు ఈ పద్ధతిలోనే పనిచేశారు. బాపు (1933-2014) వేసిన ముఖచిత్రాలు తెలుగు పుస్తకానికి ఒక ప్రత్యేకమైన రూపాన్ని ఇచ్చాయి. ఆయన చేతివ్రాత తరువాతి కాలంలో కంప్యూటర్ ఖతిగా కూడా రూపొందింది. సినిమా రంగంలో పోస్టర్లు, పత్రికా ప్రకటనలు, సినిమా పేరును అక్షరాలలో మలచడం ఒక ప్రత్యేక వృత్తిగా ఎదిగింది. ప్రచార రూపశిల్పి ఈశ్వర్ ఈ రంగంలో దశాబ్దాల పాటు పనిచేసి, ఆ అనుభవాలతో 'సినిమా పోస్టర్' అన్న పుస్తకాన్ని వెలువరించాడు.

డీటీపీ రాక

1984లో ఆపిల్ సంస్థ మాకింటాష్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. మరుసటి సంవత్సరం, అనగా 1985లో, లేజర్‌రైటర్ ముద్రణ యంత్రం, ఆల్డస్ సంస్థ వారి పేజ్‌మేకర్ వెలువడ్డాయి. ఒకే మనిషి ఒకే బల్ల వద్ద కూర్చొని పుటను మొత్తం కూర్చగల ఈ పద్ధతికి డెస్క్‌టాప్ పబ్లిషింగ్ (డీటీపీ) అన్న పేరు వచ్చింది. 1987లో ఇలస్ట్రేటర్, 1989లో కోరెల్‌డ్రా, 1990లో ఫోటోషాప్ వచ్చాయి. తెలుగునాట 1990లలో పట్టణాలలో డీటీపీ కేంద్రాలు విరివిగా వెలిశాయి. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, చిన్న పత్రికలు వీటిలోనే రూపుదిద్దుకున్నాయి. తరువాత ఫ్లెక్సీ ముద్రణ యంత్రాలు వచ్చి, చేతితో బ్యానర్లు, గోడల మీద ప్రకటనలు వ్రాసే చిత్రకారుల ఉపాధిని చాలావరకు తగ్గించివేశాయి.

డీటీపీ వల్ల ఒక మేలు, ఒక కీడు జరిగాయి. ఎందరికో ఉపాధి దొరకడం మేలు. ముద్రాపకుడు తన వద్దకు వచ్చినవారిని నిలుపుకోవడానికి డిజైన్‌ను ముద్రణ ఖర్చులో కలిపివేయడం, దాంతో డిజైన్ ఉచితంగా వచ్చేదన్న అభిప్రాయం జనంలో స్థిరపడడం కీడు.

ఇంటర్నెట్ యుగం

ఇంటర్నెట్ వ్యాప్తితో దూరప్రాంతాల పనులు చేసే అవకాశం కలిగింది. ఈలాన్స్, ఓడెస్క్ అన్న అంగళ్ళు పని ఇచ్చేవారిని, చేసేవారిని కలిపాయి. ఈ రెండూ విలీనమై 2015లో అప్‌వర్క్ అన్న పేరు తీసుకున్నాయి. 2008లో 99డిజైన్స్, 2010లో ఫైవర్ మొదలయ్యాయి. 2013లో మొదలైన కాన్వా, శిక్షణ లేనివారు సైతం సిద్ధంగా ఉన్న నమూనాలలో మాటలు మార్చి కరపత్రం తయారుచేసుకొనే వీలు కల్పించింది. దీనివల్ల చౌకరకం పనులు డిజైనర్ల చేతి నుండి కొంత జారిపోయాయి.

రూపకల్పనకు విడి ధర

ఈ వృత్తిలోకి వచ్చేవారికి ఎదురయ్యే మొదటి సమస్య పని దొరకకపోవడం కాదు, దొరికిన పనికి ధర లేకపోవడం. వెయ్యి కరపత్రాలు అచ్చు వేయించే దుకాణదారునికి కాగితం కనబడుతుంది, సిరా కనబడుతుంది. వాటికి డబ్బు ఇవ్వడానికి వెనుకాడడు. కరపత్రంలో ఏ మాట ముందు కనబడాలి, ఏ రంగు దూరం నుండి ఆనుతుంది, ఫోను నంబరు ఎక్కడ ఉంటే చూపరి దానిని గుర్తుపెట్టుకుంటాడు అన్న ఆలోచన మాత్రం కంటికి కనబడదు. కనుక దానికి విలువ కట్టడం అలవాటు లేదు.

తక్కువ ధరకు జరిగిన పని ఎంత విలువైనది కాగలదో చెప్పడానికి నైకీ చిహ్నాన్ని ఉదాహరణగా చూపుతారు. 1971లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థిని కారొలిన్ డేవిడ్సన్ ఆ చిహ్నాన్ని గీసి 35 డాలర్లు తీసుకున్నది. 1983లో సంస్థ ఆమెకు ఒక ఉంగరాన్ని, తమ వాటాలను బహూకరించింది. అది సంస్థ తనంతట తాను చూపిన సౌహార్దమే గాని, ఒప్పందం ప్రకారం ఆమెకు రావలసినది కాదు. ఇటువంటి సౌహార్దాన్ని నమ్ముకొని ఎవరూ వృత్తి నడపలేరు.

పోటీ పద్ధతిది మరొక తీరు. భారత రూపాయి చిహ్నం కోసం కేంద్ర ప్రభుత్వం పోటీ నిర్వహించగా మూడు వేలకు పైగా ప్రతిపాదనలు వచ్చాయి. ముంబై ఐఐటీలో పరిశోధన చేసిన డి. ఉదయ కుమార్ రూపొందించిన చిహ్నం 2010 జూలై 15న ఆమోదం పొందింది. ఆయనకు 2.5 లక్షల రూపాయల బహుమతి లభించింది. దేశానికి సంబంధించిన గౌరవప్రదమైన పోటీలో పాల్గొనడం వేరు. ఒక దుకాణం చిహ్నం కోసం పదిమంది చేత ఉచితంగా గీయించుకొని ఒకరికి మాత్రమే డబ్బు ఇచ్చే పద్ధతి వేరు. రెండవదానిలో తొమ్మిదిమంది శ్రమ వృథా అవుతుంది. అందుచేత పలు దేశాల డిజైనర్ల సంఘాలు ఇటువంటి ఉచిత నమూనా పనులను వ్యతిరేకిస్తున్నాయి.

శిక్షణ

ఈ వృత్తికి చట్టపరంగా నిర్ణీతమైన విద్యార్హత ఏదీ లేదు. వైద్యులకు, న్యాయవాదులకు ఉన్నట్లు లైసెన్సు అవసరం లేదు. అయినా క్రమశిక్షణతో కూడిన చదువు వల్ల రంగుల పొందిక, అక్షరాల అమరిక, కూర్పు, ముద్రణ పద్ధతులు ఒక క్రమంలో అలవడతాయి. భారతదేశంలో డిజైన్ విద్యకు పేరుపొందిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1961లో అహ్మదాబాదులో స్థాపించబడింది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇదే పేరుతో మరొక సంస్థ 2015లో మొదలయింది. హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత కళ (అప్లైడ్ ఆర్ట్) బోధిస్తారు. ఐఐటీ హైదరాబాదులో డిజైన్ విభాగం ఉన్నది.

వీటిలో చేరలేనివారు ముద్రణాలయంలోనో, ప్రకటనల సంస్థలోనో ఒకటి రెండేళ్ళు పనిచేసి అనుభవం గడించడం మంచి మార్గం. తెర మీద అందంగా కనబడిన రంగు కాగితం మీద ఎందుకు మసకబారుతుందో, కత్తిరింపులో అంచు అక్షరం ఎలా పోతుందో అచ్చు యంత్రం దగ్గర నిలబడి చూసినవారికి బాగా బోధపడుతుంది.

పరికరాలు, సాఫ్ట్‌వేర్

ప్రారంభంలో ఒక మంచి కంప్యూటర్, రంగులు నమ్మకంగా చూపే తెర, నిలకడైన ఇంటర్నెట్, పనులను భద్రపరచడానికి విడిగా ఒక హార్డ్ డిస్క్ ఉంటే సరిపోతుంది. కరెంటు పోయినప్పుడు పని చెడిపోకుండా యూపీఎస్ అవసరం. చేతితో గీసేవారికి డ్రాయింగ్ టాబ్లెట్ ఉపయోగపడుతుంది.

అడోబీ సంస్థ 2013 నుండి తన కొత్త సాఫ్ట్‌వేర్లను నెలవారీ, వార్షిక చందా పద్ధతిలో అందిస్తున్నది. ఆదాయం మొదలు కాకముందే ఈ చందా భారం కావచ్చు. దొంగ ప్రతులు వాడడం చట్టవిరుద్ధం, పైగా వైరస్‌ల వల్ల క్లయింట్ల సమాచారం పోయే ప్రమాదం ఉంటుంది. ఉచితంగా లభించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు చాలా పనులకు సరిపోతాయి.

* గింప్: ఛాయాచిత్రాలను సరిదిద్దడానికి
* ఇంక్‌స్కేప్: చిహ్నాలు, గీతల బొమ్మలకు
* స్క్రైబస్: పుస్తకాలు, పత్రికల పుటల కూర్పుకు
* క్రీటా: చేతితో వేసే చిత్రాలకు

చిహ్నాలను ఎప్పుడూ వెక్టర్ పద్ధతిలో గీయవలెను. అలా గీసినది విజిటింగ్ కార్డు మీద ఎంత స్పష్టంగా ఉంటుందో, పెద్ద హోర్డింగు మీద కూడా అంతే స్పష్టంగా ఉంటుంది. చుక్కలతో ఏర్పడే రాస్టర్ బొమ్మను పెంచితే అంచులు గళ్ళుగళ్ళుగా చెదరుతాయి. ఆఫ్‌సెట్ ముద్రణకు వెళ్ళే ఛాయాచిత్రం అసలు పరిమాణంలో అంగుళానికి 300 చుక్కలు ఉండడం పరిపాటి. తెర మీది రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల (ఆర్‌జీబీ) కలయిక. ముద్రణ రంగులు సయాన్, మజెంటా, పసుపు, నలుపు సిరాల (సీఎంవైకే) కలయిక. తెర మీది మెరిసే రంగులన్నీ సిరాలో రావు. కత్తిరింపు కోసం నాలుగు అంచులా సాధారణంగా 3 మిల్లీమీటర్ల అదనపు రంగు వదలాలి. దీనిని బ్లీడ్ అంటారు.

తెలుగు అక్షరాలతో పని

తెలుగునాట పనిచేసే డిజైనర్‌కు తెలుగు అక్షరం మీద పట్టు ఉండడం పెద్ద బలం. ఇతర భాషల డిజైనర్లతో పోటీ లేని రంగం ఇదే.

డీటీపీలో చాలాకాలంగా వాడుతున్న అను వంటి ఖతులు యూనికోడ్‌కు చెందినవి కావు. ఇవి ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షర ఖండాలను ఉంచుతాయి. అందుచేత ఆ ఖతి లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని గుర్తులు కనబడతాయి. ఆ పాఠాన్ని వెబ్‌సైట్‌లో పెట్టినా, వెదికినా ఫలితం ఉండదు. యూనికోడ్ తెలుగులో ఈ చిక్కు లేదు. సురవరం, మండలి, గిడుగు, ధూర్జటి, రామభద్ర, పెద్దన, తిమ్మన వంటి యూనికోడ్ ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. వీటిని వాణిజ్య పనులలో కూడా వాడుకోవచ్చు.

యూనికోడ్ తెలుగును ఇన్‌డిజైన్‌లో వాడేటప్పుడు 'వరల్డ్ రెడీ కంపోజర్' అన్న అమరికను ఎంచుకోవలసి ఉంటుంది. లేనిపక్షంలో వత్తులు విడిపోయి అక్షరం పక్కన పడతాయి. తెలుగులో పైన గుణింతపు గుర్తులు, క్రింద వత్తులు ఉండడం వల్ల ఇంగ్లీషు కంటే పంక్తుల మధ్య ఎక్కువ ఎడం ఇవ్వాలి. ఇంగ్లీషు నమూనాలో తెలుగు మాటలు ఇరికిస్తే పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడిని తాకుతుంది. ముద్రణకు పంపే తుది ప్రతిలో అక్షరాలను గీతలుగా (కర్వ్స్) మార్చి పంపితే ముద్రణాలయంలో ఆ ఖతి లేకపోయినా చెడిపోదు. కాని గీతలుగా మార్చిన తరువాత అక్షరదోషాన్ని దిద్దడం కష్టం. కాబట్టి మార్చని మూలప్రతిని విడిగా దాచుకోవాలి. శుభలేఖలో పేరు తప్పు పడితే మొత్తం కాగితం వృథా అవుతుంది గనుక, తుది ప్రూఫును పని ఇచ్చినవారే చదివి ఆమోదిస్తూ సంతకం గాని, వ్రాతపూర్వక సందేశం గాని ఇవ్వడం మంచి పద్ధతి.

మొదటి పనులు

క్రొత్తవారిని పని ఇచ్చేవారు మొదట అడిగేది పూర్వం చేసిన పనుల నమూనాలు. ఈ సంపుటిని పోర్ట్‌ఫోలియో అంటారు. చేసినవన్నీ పెట్టడం కంటే బాగున్న ఎనిమిది, పది పనులు పెట్టడం మేలు. ప్రతి పనికి సమస్య ఏమిటి, డిజైనర్ దానిని ఏ విధంగా పరిష్కరించాడు అన్న రెండు మూడు వాక్యాలు జతచేస్తే చూసేవారికి ఆలోచన అర్థమవుతుంది. చేసిన పని లేనప్పుడు ఊహించిన దుకాణానికో, తనకు నచ్చిన పుస్తకానికో నమూనా తయారుచేసి, అది అభ్యాసం కోసం చేసినదని స్పష్టంగా వ్రాయవచ్చు.

మొదటి పనులు ఎక్కువగా తెలిసినవారి ద్వారానే వస్తాయి. ఊరిలోని మిఠాయి దుకాణం, ట్యూషన్ కేంద్రం, దంత వైద్యశాల, కవితా సంపుటి అచ్చు వేయించుకొనే రచయిత ఇటువంటివారే. బంధువులు, స్నేహితులు కావడం వల్ల డబ్బు అడగడానికి మొహమాటం అడ్డువస్తుంది. ఉచితంగా చేయదలచినా అసలు ధరతో బిల్లు వ్రాసి, అందులో తగ్గింపును విడిగా చూపడం ఉపయోగకరం. దానివల్ల పని విలువ అవతలివారికి తెలుస్తుంది, తరువాతి పనికి ధర చెప్పడం సులువవుతుంది.

ఉద్యోగంలో ఉన్నవారు కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు కూడబెట్టుకొని, ఇద్దరు ముగ్గురు నిలకడైన క్లయింట్లు దొరికిన తరువాత ఉద్యోగం వదలడం క్షేమం. ఉద్యోగ ఒప్పందంలో బయటి పనులు చేయరాదన్న నిబంధన ఉన్నదేమో ముందే చూసుకోవాలి.

ధర నిర్ణయం

ధరను మూడు విధాలుగా నిర్ణయిస్తారు: గంటకు ఇంత అని, పని మొత్తానికి ఇంత అని, నెలకు ఇంత అని. ఏ పద్ధతి అవలంబించినా గంటకు తన శ్రమ విలువ ఎంతో డిజైనర్‌కు తెలిసి ఉండాలి. దానిని లెక్కకట్టే విధానానికి ఒక ఉదాహరణ:

* ఇంటి ఖర్చు నెలకు 30,000 రూపాయలు
* సాఫ్ట్‌వేర్, కరెంటు, ఇంటర్నెట్, కంప్యూటర్ అరుగుదల 10,000 రూపాయలు
* పన్ను, ఆరోగ్య బీమా, పొదుపు 8,000 రూపాయలు
* మొత్తం 48,000 రూపాయలు

నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 200 గంటలు. వీటితో భాగిస్తే గంటకు 240 రూపాయలు వస్తుంది. క్రొత్తవారు చేసే పొరపాటు ఇక్కడే ఉన్నది. 200 గంటలూ డబ్బు వచ్చే పని ఉండదు. క్లయింట్లను వెదకడం, మాట్లాడడం, ధర పత్రాలు వ్రాయడం, బిల్లులు, బాకీల కోసం తిరగడం, క్రొత్త విషయాలు నేర్చుకోవడం వీటికి సుమారు సగం కాలం పోతుంది. మిగిలిన 100 గంటలతో భాగిస్తే గంటకు 480 రూపాయలు కావాలి. ఈ లెక్కన 20 గంటలు పట్టే చిహ్నానికి 9,600 రూపాయలు, మూడు గంటలు పట్టే శుభలేఖకు 1,440 రూపాయలు అవుతుంది. ఇది దిగువ హద్దు మాత్రమే. పెద్ద సంస్థ దేశమంతటా వాడే చిహ్నానికి, వీధి చివరి దుకాణం చిహ్నానికి పట్టే గంటలు ఒకటే కావచ్చు గాని, వాడుకను బట్టి విలువ మారుతుంది.

ముద్రణ కూడా తానే చేయించి ఇచ్చేవారు బిల్లులో డిజైన్, ముద్రణ అన్న రెండు పద్దులను విడివిడిగా చూపాలి. రెంటినీ కలిపితే, మరుసటిసారి చౌకగా అచ్చు వేసే మరొకరు దొరికినప్పుడు డిజైన్ కూడా ఉచితమైపోతుంది.

ఒప్పందం

నోటి మాట మీద పని మొదలుపెట్టడం తగవులకు ప్రధాన కారణం. ఒప్పందం స్టాంపు కాగితాల మీద న్యాయవాది భాషలో ఉండనక్కరలేదు. ఈమెయిల్‌లో వ్రాసి, అవతలివారి అంగీకారం తీసుకున్నా అది సాక్ష్యంగా ఉపయోగపడుతుంది. అందులో ఉండవలసిన అంశాలు:

* చేయవలసిన పని ఏది, ఎన్ని నమూనాలు చూపాలి
* ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ఆపైన ప్రతి మార్పుకు ఎంత
* సమాచారం, ఛాయాచిత్రాలు ఎవరు, ఎప్పటిలోగా ఇవ్వాలి
* గడువు తేదీ
* మొత్తం రుసుము, బయానా, మిగతా వాయిదాలు
* పని మధ్యలో ఆపివేస్తే ఎంత చెల్లించాలి
* ఏ రూపంలో ఫైళ్ళు ఇస్తారు, మూల ఫైళ్ళు ఇస్తారా
* హక్కులు ఎవరివి, ఎప్పుడు బదిలీ అవుతాయి

సగం బయానా తీసుకొని పని మొదలుపెట్టడం, పూర్తి డబ్బు అందిన తరువాతనే తుది ఫైళ్ళు ఇవ్వడం వాడుకలో ఉన్న పద్ధతి. అంతవరకు తక్కువ స్పష్టత గల నమూనాలు మాత్రమే చూపుతారు. 'ఇంకొంచెం మార్చండి' అన్న కోరికకు అంతు ఉండదు. మార్పుల సంఖ్య వ్రాసి ఉంటే ఇరుపక్షాలకూ స్పష్టత ఉంటుంది.

హక్కులు

భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం బొమ్మ, చిహ్నం వంటివి కళాకృతులు. వీటికి రచయిత జీవితకాలం, ఆపైన 60 సంవత్సరాలు రక్షణ ఉంటుంది. రక్షణకు నమోదు తప్పనిసరి కాదు. సాధారణంగా కృతిని సృష్టించినవారే మొదటి హక్కుదారు. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమాని హక్కుదారు అవుతాడు. ప్రతిఫలం ఇచ్చి చేయించుకున్న ఛాయాచిత్రం, వర్ణచిత్రం, రూపచిత్రం, చెక్కడం, చలనచిత్రం విషయంలో, వేరే ఒప్పందం లేనప్పుడు, చేయించుకున్నవారే హక్కుదారులు. మిగిలిన స్వతంత్ర పనులలో హక్కు సృష్టికర్త వద్దనే ఉంటుంది. ఒక చిహ్నం ఈ రెండు తెగలలో దేనిలోకి వస్తుందన్న వాదానికి తావు ఇవ్వకుండా, ఒప్పందంలోనే హక్కు గురించి వ్రాసుకోవడం ఇద్దరికీ మంచిది.

హక్కుల బదిలీ వ్రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో కాలపరిమితి వ్రాయకపోతే ఐదు సంవత్సరాలుగాను, ప్రాంతం వ్రాయకపోతే భారతదేశం వరకుగాను చట్టం భావిస్తుంది. చిహ్నాన్ని శాశ్వతంగా వాడుకొనే ఉద్దేశంతో డబ్బు ఇచ్చిన దుకాణదారునికి ఈ సంగతి తెలియకపోతే తరువాత చిక్కు వస్తుంది. కనుక కాలం, ప్రాంతం స్పష్టంగా చెప్పడం డిజైనర్ బాధ్యత కూడా. హక్కును అమ్మివేసిన తరువాత సైతం కృతికర్త తానేనని చెప్పుకొనే నైతిక హక్కు మిగిలే ఉంటుంది.

వ్యాపార చిహ్నాన్ని 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం క్రింద నమోదు చేసుకోవచ్చు. నమోదు 10 సంవత్సరాలు చెల్లుతుంది, తిరిగి పొడిగించుకోవచ్చు. క్రొత్త చిహ్నం గీసే ముందు అటువంటిదే మరొకరు నమోదు చేసుకున్నారేమో ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెదకవలెను. ఇంటర్నెట్‌లో కనబడిన ఛాయాచిత్రాన్ని, సినిమా తారల బొమ్మలను అనుమతి లేకుండా ప్రకటనలలో వాడడం క్లయింట్‌ను కూడా వివాదంలోకి లాగుతుంది.

నమోదు, పన్నులు

ఒంటరిగా పనిచేసేవారు కంపెనీ స్థాపించనవసరం లేదు. సొంత పేరుతోనే, పాన్ కార్డుతో, వ్యాపారానికి విడిగా ఒక బ్యాంకు ఖాతాతో మొదలుపెట్టవచ్చు. ఇంటి ఖర్చు, వృత్తి ఖర్చు ఒకే ఖాతాలో కలిసిపోతే లాభనష్టాలు తెలియవు.

వస్తు సేవల పన్ను (జీఎస్టీ) 2017 జూలై 1న అమలులోకి వచ్చింది. సేవలు అందించేవారికి సాలీనా రాబడి 20 లక్షల రూపాయలు దాటితే నమోదు తప్పనిసరి (కొన్ని ప్రత్యేక రాష్ట్రాలలో ఈ పరిమితి 10 లక్షలు). ఆ లోపు రాబడి గలవారు ఇతర రాష్ట్రాల క్లయింట్లకు సేవలు అందించినా, 2017 అక్టోబరులో ఇచ్చిన మినహాయింపు వల్ల నమోదు అవసరం లేదు. డిజైన్ సేవలకు పన్ను రేటు 18 శాతం. నమోదు లేనివారు బిల్లులో జీఎస్టీ వసూలు చేయరాదు.

సంస్థలు వృత్తి రుసుము చెల్లించేటప్పుడు నిర్ణీత పరిమితి దాటితే కొంత మొత్తాన్ని మూలంలోనే పన్నుగా మినహాయిస్తాయి (టీడీఎస్). ఆ మొత్తం పోయినట్లు కాదు. ఆదాయపు పన్ను వివరపత్రం దాఖలు చేసినప్పుడు లెక్కకు వస్తుంది, ఎక్కువైతే తిరిగి వస్తుంది. అందుచేత పన్ను వేసేంత ఆదాయం లేకపోయినా వివరపత్రం దాఖలు చేయడం లాభకరం.

బాకీల వసూలు

పని పూర్తయిన తరువాత డబ్బు కోసం నెలల తరబడి తిరగడం ఈ వృత్తిలో సర్వసాధారణమైన ఫిర్యాదు. చట్టంలో దీనికి రక్షణ ఉన్నది గాని, తెలిసినవారు తక్కువ. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం, 2006 సేవలకు కూడా వర్తిస్తుంది. 2020 జూలై 1 నుండి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదును ఇంటర్నెట్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. పని మొదలుపెట్టడానికి ముందే నమోదు చేసుకోవడం అవసరం.

ఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు ఒప్పుకున్న తేదీలోగా జరగాలి. ఒప్పుకున్నా సరే ఆ గడువు 45 రోజులు మించరాదు. ఒప్పందం లేకపోతే 15 రోజులలో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీతో ఇవ్వవలసి ఉంటుంది. దీనిపై రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 2024-25 మదింపు సంవత్సరం నుండి, ఈ గడువు దాటిన మొత్తాన్ని వాస్తవంగా చెల్లించిన సంవత్సరంలో మాత్రమే కొనుగోలుదారు తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపగలడు. ఈ నిబంధనను మర్యాదగా గుర్తుచేయడం తగవు లేకుండా బాకీ రాబట్టడానికి ఒక సాధనం. సివిల్ కోర్టులో దావా వేయడానికి సాధారణంగా మూడు సంవత్సరాల కాలపరిమితి ఉంటుంది. వీటన్నిటికీ ఆధారం తేదీతో ఉన్న బిల్లు, వ్రాతపూర్వకమైన ఒప్పందం, పని అందినట్లు ఋజువు.

సాధక బాధకాలు

స్వేచ్ఛ, నచ్చిన పనిని ఎంచుకొనే వీలు, ఊరు వదలకుండా దూరపు పనులు చేయగలగడం ఈ వృత్తిలో ఉన్న సౌకర్యాలు. నెలనెలా ఒకే ఆదాయం ఉండకపోవడం, భవిష్య నిధి, జీతంతో కూడిన సెలవులు లేకపోవడం, ఒంటరితనం, మెడ, మణికట్టు, కంటి బాధలు ఇందులోని కష్టాలు. ఎన్నికలు, పెళ్ళిళ్ళ ముహూర్తాలు, పండుగల కాలంలో పని ముమ్మరంగా ఉండి, ముహూర్తాలు లేని మాసాలలో తగ్గిపోతుంది. రాబడిలో సగానికి పైగా ఒకే క్లయింట్ నుండి వస్తూ ఉంటే, ఆ ఒక్కరు మానుకున్న రోజున వృత్తి తలక్రిందులవుతుంది.

2022లో మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వంటి కృత్రిమ మేధ సాధనాలు అందుబాటులోకి వచ్చి, మాటలతో అడిగితే బొమ్మలు తయారుచేసి ఇస్తున్నాయి. వీటి వల్ల చౌకరకం బొమ్మల పనికి గిరాకీ తగ్గుతుందన్న ఆందోళన డిజైనర్లలో ఉన్నది. యంత్రం గీసిన బొమ్మ మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న కూడా తలెత్తింది. 2023లో అమెరికా కాపీరైట్ కార్యాలయం ఒక బొమ్మల పుస్తకం విషయంలో, మనిషి వ్రాసిన పాఠానికి, చేసిన కూర్పుకు రక్షణ ఇచ్చి, మిడ్‌జర్నీ తయారుచేసిన బొమ్మలకు రక్షణ నిరాకరించింది. తన చిహ్నం తనదిగానే ఉండాలని కోరుకొనే వ్యాపారికి ఇది ముఖ్యమైన విషయం. అందుచేత అటువంటి సాధనాలు వాడినప్పుడు ఆ సంగతి క్లయింట్‌కు ముందే చెప్పడం ఉచితం. క్లయింట్ అవసరాన్ని మాటలలో రాబట్టడం, తెలుగు అక్షరాన్ని తప్పు లేకుండా కూర్చడం, ముద్రణ పూర్తయ్యే వరకు బాధ్యత వహించడం మాత్రం డిజైనర్ పనిగానే ఉన్నాయి.